పేపర్లో పడ్డ కోటిన్నర

బీరన్నకు చదువు రాదు. అందుకే ఆ వార్త ఊరందరికీ తెలిశాక గానీ అతనికి తెలియలేదు.

ఆ పొద్దు రెండు పొట్టేళ్లను ఆటోలో ఎక్కించుకుని రాళ్లగూడెం నుంచి నకిరేకల్ సంతకు పోయాడు. బిడ్డ శైలజ గురుకులంలో ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చి వారమైంది. పైచదువుకు ఎక్కడ చేర్చాలన్నా చేతిలో ఎంతో కొంత ఉండాలి కదా అని అమ్మకానికి బయలుదేరాడు. ఎప్పుడూ అతని జీవాలు కొనే బషీర్, దూరం నుంచి చూసి చేతులు చాపుకుంటూ వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"ఏం బిడ్డను కన్నవే బీరన్నా! కోటిన్నర! పేపర్ల ఫోటో ఏసిండ్రు, సూడు!"

పేపర్లో శైలజ ఉంది. హాస్టల్ బట్టల్లో, రెండు జడలతో, కళ్లు చికిలించి ఎండలో నిలబడి ఉంది. ఫోటో పైన పెద్ద అక్షరాలు. బషీర్ వేలు పెట్టి చదివి వినిపించాడు. గొర్రెల కాపరి బిడ్డకు అమెరికా కాలేజీలో సీటు, కోటిన్నర స్కాలర్‌షిప్.

అమెరికా కాలేజీలకు దరఖాస్తులు పెట్టించామని గురుకులంలో ఇంగ్లీషు చెప్పే మల్లీశ్వరి మేడం చలికాలంలోనే బీరన్నకు చెప్పింది. అతను తల ఊపి ఊరుకున్నాడు. ఆ ముచ్చట ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. పేపరును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. సంతలో తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ చుట్టూ మూగారు. ఒకాయన చాయ్ తెప్పించాడు. ఇంకొకాయన భుజం తట్టాడు.

పొట్టేళ్ల బేరం దగ్గర మాత్రం బషీర్ ఎప్పటికంటే వెయ్యి తక్కువకే తెగ్గొట్టాడు. "నీకింక గీ వెయ్యితోని ఏం పనే" అన్నాడు నవ్వుతూ. బీరన్న కూడా నవ్వి ఊరుకున్నాడు. కోటిన్నర వచ్చినవాడు వెయ్యి రూపాయల దగ్గర పంచాయితీ పెడితే బాగుండదనిపించింది. ఆ డబ్బుల్లోంచే మిఠాయి డబ్బాలు కొని సంచి నింపుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటి ముందు జనం. భార్య జానమ్మ వచ్చిన వాళ్లందరికీ నీళ్లిస్తూ, నవ్వలేక, చెప్పలేక తిరుగుతోంది. శైలజ లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. తండ్రి చేతిలో మిఠాయి సంచి చూసి లేచి నిలబడింది.

"నాయినా, పంచకు. ఆగు జర."

అప్పటికే ఎవరో సంచి అందుకుని డబ్బాలు విప్పుతున్నారు.

జనం పోయాక తండ్రీబిడ్డలు దొడ్డి దగ్గర కూర్చున్నారు. శైలజ నేల మీద పుల్లతో గీస్తూ చెప్పింది.

"ఆ కాలేజీల ఏడాదికి డెబ్బై లక్షలు నాయినా. సదువు, ఉండుడు, తినుడు అన్ని కల్పి. మనం పేదోళ్లమని, నాకు మంచి మార్కులున్నయని అండ్ల సగానికి జర ఎక్కువనే మాఫ్ జేసిండ్రు. నాలుగేండ్ల మాఫీ కల్పితె కోటిన్నర. అది మనకిచ్చేది కాదు. మన తాన తీసుకోనిది."

"మిగిలింది?"

"మిగిలింది మనం కట్టాలె. ఏడాదికి ముప్పై లక్షల పైన."

"అంటె కోటిన్నర రాలేదు" అన్నాడు బీరన్న.

"రాలేదు. మనమే ఇంకో కోటీ ముప్పై లక్షలు కడితె సీటు."

"డెబ్బై లక్షలని ధర ఎవలు పెట్టిండ్రు బిడ్డా?"

"కాలేజోళ్లే."

"మాఫ్ చేసింది?"

"ఆళ్లే."

"సంతల ఒకడు మేకపిల్లకు రెండు లక్షలు జెప్పి, నీకు గనుక లక్ష ఇడిసిపెడుతున్న అన్నడనుకో. ఆడు నాకు లక్ష ఇచ్చినట్టా?"

శైలజకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. బీరన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

పేదపిల్లలకు మొత్తం ఖర్చు పెట్టుకునే కాలేజీలు కూడా అక్కడ కొన్ని ఉన్నాయని మల్లీశ్వరి మేడం వెతికి పట్టుకుంది. శైలజ ముందు వాటికే రాసింది. వాటన్నిటిలో కాదన్నారు. వచ్చింది ఈ ఒక్క దాంట్లోనే, అదీ సగం సగం. గురుకులానికి వచ్చిన పేపరు విలేకరికి శైలజ ఇదంతా వివరంగానే చెప్పింది. అతను సగమే రాసుకుపోయాడు.

"మేడం మళ్లొక మెయిల్ పెట్టించింది నాయినా, ఇంకొంచెం సాయం జేయమని. జవాబు వచ్చినంకనే నీకు చెప్దామనుకున్న. వాళ్లకు మే ఒకటో తారీఖు లోపల అవునో కాదో చెప్పాలె."

"అయితె ఫికర్ జేయకు. అప్పటిదాక ఏదో ఒకటి సూద్దాం" అన్నాడు బీరన్న. ఆ 'ఏదో ఒకటి' ఏమిటో అతనికే తెలియదు.

మర్నాడు సర్పంచ్ కృష్ణయ్య దగ్గరకు పోయి సంగతి చెప్పబోయాడు. కృష్ణయ్య వినిపించుకోలేనంత హడావిడిలో ఉన్నాడు. ఆదివారం సన్మానం పెట్టాడు. ఫ్లెక్సీలు అచ్చుకిచ్చాడు. నియోజకవర్గం పెద్ద నాయకుడు వస్తానని మాటిచ్చాడు.

"నువ్వేం భయపడకు బీరన్నా. పెద్దసారు వస్తున్నడు గద, నీ ముచ్చటేదో స్టేజి మీదనే చెప్పుకుందువు" అన్నాడు.

ఆదివారం బడి ముందు షామియానా వేశారు. శైలజ మెడలో దండ మీద దండ పడుతుంటే మొహం కనపడకుండా పోయింది. బీరన్నకు, జానమ్మకు కూడా శాలువాలు కప్పారు. నాయకుడు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. చదువుకోవాలన్న పట్టుదల ఉంటే పేదరికం ఏమీ చేయలేదని ఈ బిడ్డ మన రాష్ట్రానికి చూపించిందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బీరన్న కూడా కొట్టాడు. తన వంతు వస్తుందని కాచుకుని కూర్చున్నాడు. మైకు అతని దాకా రాలేదు. నాయకుడు దిగి పోతుంటే వెనకాల ఉరికి, కారు తలుపు దగ్గర దొరకబట్టుకున్నాడు.

"సారూ, ఆ పైసలు మాకిచ్చేటియి కావు సారూ. ఇంకా మేమే కట్టాలె."

"అవునా? ఆఫీసుకు రా, మాట్లాడుదాం" అని నాయకుడు అతని చెయ్యి నొక్కి కారెక్కాడు.

ఆఫీసుకు పోయాడు. ఒకసారి సారు లేడు. ఇంకోసారి ఉన్నాడు గానీ పక్కన కూర్చున్న మనిషే అన్నీ మాట్లాడాడు. విదేశీ చదువుకు సర్కారు ఇచ్చే సాయం ఉంది, నిజమే. అది డిగ్రీ అయిపోయి పైచదువుకు పోయేవాళ్లకు. ఇంటర్ అయినవాళ్లకు లేదు. "డిగ్రీ ఈడనే చదివించి తర్వాత పంపరాదు? మేమే ఇప్పిస్తం" అన్నాడు ఆ మనిషి. తప్పుడు మనిషిలా కనపడలేదు. ఉన్నమాటే చెప్పాడు.

బ్యాంకుకు పోయారు తండ్రీబిడ్డలు. మేనేజరు లేచి నిలబడి శైలజకు చెయ్యిచ్చాడు. కుర్చీలు వేయించాడు. కాగితాలన్నీ ఓపికగా చూశాడు.

"ఇంత పెద్ద లోనుకు ఆస్తి తనఖా పెట్టాలండీ. భూమి ఉందన్నారు కదా?"

"రెండెకరాలుంది సారూ. సర్కారు మా నాయినకిచ్చిన భూమి."

"అసైన్డ్ భూమా? అది అమ్మడానికీ లేదు, మాకు పనికీ రాదు. ఇల్లు?"

బీరన్న ఇల్లెట్లా ఉంటుందో చెప్పాడు. మేనేజరు బల్ల మీద పెన్ను తిప్పాడు. "నిజంగా చాలా బాధగా ఉందండీ" అన్నాడు. వాళ్లు లేచాక ఒక్క నిమిషం ఆగమని, మా అమ్మాయికి చూపిస్తానని శైలజతో సెల్ఫీ దిగాడు.

ఇంతలో అన్న వచ్చాడు.

బీరన్నకు తోడబుట్టినవాడు పరశురాములు ఒక్కడే. తండ్రి పోయినా మంద పంచుకోలేదు. ఇద్దరి జీవాలూ ఒకే దొడ్డిలో పడుకుంటాయి, ఒకే కంచె బీడులో మేస్తాయి. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు తోలుకుపోతారు. పరశురాములు భార్య బిక్షమ్మకు ఏడాదిగా నడుము నొప్పి. లేచి నాలుగడుగులు వేయలేదు. ఆపరేషన్ చేయాలన్నారు.

"తమ్మీ, మీ వదినె తిప్పలు నువ్వు సూస్తనే ఉన్నవు. నువ్వు ఒక మూడు లక్షలు సర్దితె పట్నంల చేపిస్త. మెల్లగ తీరుస్త" అన్నాడు.

బీరన్న అన్నను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాడు. మేకపిల్ల మాట కూడా చెప్పాడు. పరశురాములు తలొంచుకుని అంతా విన్నాడు.

"ఊరంతకు మిఠాయి పంచితివి తమ్మీ" అన్నాడు నెమ్మదిగా.

"అప్పటికి నాకు తెల్వదు అన్నా."

"పేపర్లేసిండ్రు. అంత పెద్ద మనిషొచ్చి శాలువ గప్పె. అందరు అబద్ధమాడి, నువ్వొక్కనివే నిజం జెప్తున్నవా? ఇయ్యనంటె ఇయ్యనని చెప్పు. గీ కథలెందుకు?"

జానమ్మ గడప లోపలి నుంచి "బావా, మా బిడ్డ మీద ఒట్టు" అంది. పరశురాములు చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు. లేచి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున మంద పంచుకుందామని కబురు పెట్టాడు. ఊరి పెద్దలు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. అన్న జీవాల వీపు మీద ఎర్రరంగు, తమ్ముడివాటి మీద నీలిరంగు పూశారు. దొడ్డి మధ్య నుంచి కంప అడ్డం వేశారు. పరశురాములు తన జీవాలను వేరే దారిన తోలాడు. చెరువు కట్ట దాకా పోయాక ఎర్రరంగువి వెనక్కి తిరిగి అరవడం మొదలుపెట్టాయి. ఇటు నుంచి నీలిరంగువి అరిచాయి. కాసేపటికి రెండు మందలూ కంచెలో మళ్లీ కలిసిపోయి తలలు ఆనించుకుని మేస్తున్నాయి. అన్నదమ్ములిద్దరూ మాటా పలుకూ లేకుండా, ఎవరివి వాళ్లు కర్రతో విడదీసుకున్నారు. ఇది మర్నాడూ జరిగింది, ఆ మర్నాడూ జరిగింది. తర్వాత పరశురాములు మేతకు గుట్ట అవతలికి మారిపోయాడు.

అమెరికా నుంచి జవాబు ఏప్రిల్ ఆఖర్లో వచ్చింది. శైలజ అర్థం చెబుతూ చదివింది. నిన్ను చూసి మాకు గర్వంగా ఉంది, నువ్వు మా దగ్గరికి రావాలని ఎంతో ఎదురుచూస్తున్నాం, ఈ ఏడాది మేం చేయగలిగిన సాయం ఇంతే. ఖర్చు ఏటేటా కొంత పెరుగుతుందని, మాఫీ మాత్రం పెరగదని కింద రాసి ఉంది.

"మంచిగనే రాసిండ్రు" అంది జానమ్మ.

బీరన్న బిడ్డ వైపు తిరిగాడు.

"నేనొక మాట అంట బిడ్డా. మంద మొత్తం అమ్మేద్దాం. ఒక్క ఏడాదన్న కడదాం. నువ్వక్కడికి పోయినంక, నీ తెలివి సూసి వాళ్లే..."

"మంద మొత్తం అమ్మినా ఏడాది ఫీజుల మూడోవంతు రాదు నాయినా."

"అప్పు తెస్త."

"ఎవలిస్తరు? మన తాన కోటిన్నర ఉన్నదనుకుంటున్నరు." ఆ మాట గట్టిగా వచ్చింది. తర్వాత తనే గొంతు తగ్గించింది. "మేడంకు తెల్సిన ఒకామె గిట్లనే ఒక్క ఏడాది కట్టి పోయిందట. రెండో ఏడు కట్టలేక మధ్యల ఇడిసిపెట్టి వచ్చింది. సదువూ లేదు, అప్పు మాత్రం అట్లనే ఉన్నది. నేను పోను నాయినా."

"నీకు పోవాలని ఉన్నది గద?"

శైలజ ఫోను ఆపేసి లేచింది.

చివరి తారీఖున మధ్యాహ్నం తండ్రికి అన్నం తీసుకుని కంచెకు వచ్చింది. తుమ్మచెట్టు కింద అతను తింటుంటే ఫోను తీసి ఏదో చూస్తూ కూర్చుంది. "రానని చెప్పేస్తున్న నాయినా" అంది. బీరన్నకు వద్దనాలా, సరేననాలా తెలియలేదు. ఆమె వేలు ఒక్కసారి ఫోను మీద ఆనింది. అంతే. ఇంత తిరుగుడు, ఇన్ని దండలు, అన్నతో మాటలు తెగిపోవడం, అన్నీ అయి, చివరికి ముగియడానికి గొర్రె తుమ్మినంతసేపు కూడా పట్టలేదు.

బీరన్నకు కోపం వచ్చింది. దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో దొరకలేదు. కాలేజీవాళ్లు బిడ్డను మెచ్చుకున్నారు. మేనేజరు బాధపడ్డాడు. ఆఫీసు మనిషి ఉన్నమాట చెప్పాడు. మేడం ఫోన్‌లో వెక్కివెక్కి ఏడ్చింది. ఎదురుగా నిలబెట్టి తిట్టుకుందామంటే ఒక్క మనిషీ లేడు. మిగిలిన అన్నం కుక్కకు పెట్టి, జీవాల వెంట లేచాడు.

డిగ్రీకి శైలజకు నల్లగొండలో ఒక కాలేజీలో సీటొచ్చింది. ఫీజు సర్కారు కట్టాలంటే ఆదాయ సర్టిఫికెట్ కావాలి. తహసీల్ ఆఫీసులో ఆ పని చూసే సారు బీరన్న పేరు వినగానే తలెత్తాడు.

"కోటిన్నర నువ్వే గద? నీ మీద దరఖాస్తు వచ్చింది. పైసలు మింగి, పిల్లను పంపకుండ, షాద్‌నగర్‌ల ప్లాట్లు కొన్నవని రాసిండ్రు. ఆదాయం తక్కువని నేనెట్ల రాసియ్యాలె?"

శైలజ ఫోను తీసి కాలేజీ పంపిన మెయిల్ చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పైకీ కిందికీ జరుపుతూ చదివాడు.

"ఇండ్ల సుత అవార్డ్ అనే ఉన్నది గదమ్మా. పైసలెంతనో సుత రాసిండ్రు."

"అది మాఫీ సార్. చేతికిచ్చేది కాదు."

"అట్లని ఏడున్నది?"

శైలజ ఆ లైను చూపించింది, ఈ లైను చూపించింది. ఆయన చివరికి విచారణ చేయాలన్నాడు. విచారణకు ఎవరూ రాలేదు. గడువు దాటిపోయింది. మొదటి ఏడాది ఫీజు బీరన్నే కట్టాడు. తన మీద ఆ దరఖాస్తు ఎవరు రాశారో అడగలేదు. అడిగితే తెలుస్తుందేమోనని భయం.

దసరా పోయాక బిక్షమ్మ మంచం దిగలేకపోయింది. నల్లగొండ దవాఖానలో చేర్చారని, ఆపరేషన్‌కు డబ్బులు తక్కువపడి పరశురాములు దారి కనపడక కూర్చున్నాడని శైలజే ఫోన్ చేసి చెప్పింది. కాలేజీ అయ్యాక రోజూ పోయి పెద్దమ్మ దగ్గర కూర్చుంటోందట. జానమ్మ మొగుని మొహంలోకి చూసింది. "జీవాలను తోలుకపో" అంది. బీరన్న మందలో మంచి జీవాలను ఏరి సంతకు తోలాడు. బషీర్ ఈసారి పేచీ లేకుండా ధర కట్టాడు. "ఇంకా ఎందుకమ్ముతున్నవే నువ్వు?" అని మాత్రం ఆశ్చర్యపోయాడు.

డబ్బులు గుడ్డలో చుట్టుకుని దవాఖానకు పోయాడు. వార్డు బయట బల్ల మీద పరశురాములు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. పక్కనే శైలజ టిఫిన్ డబ్బా కడిగి మూత పెడుతోంది. బీరన్న వెళ్లి అన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చాలా నెలలైంది. మూట తీసి అన్న ఒళ్లో పెట్టాడు.

"లక్షన్నర ఉన్నది అన్నా. రేపే చేపియ్యి."

పరశురాములు మూట విప్పి చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తమ్ముని చెయ్యి పట్టుకుని, ప్రేమగానే, చిన్నపిల్లవాణ్ణి మందలించినట్టు అన్నాడు.

"కోటిన్నరల గింతేనా తమ్మీ?"

శైలజ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టి నోరు తెరిచింది. బీరన్న బిడ్డ వైపు చూసి, వద్దని తల ఊపాడు. నర్సు వచ్చి బిక్షమ్మ వాళ్లెవరని అడుగుతోంది. అన్న ఇంకా తన చెయ్యి వదల్లేదు.

"ఇప్పటికి గింతే అన్నా" అన్నాడు బీరన్న.

పరశురాములు తృప్తిగా నిట్టూర్చి, మూట పట్టుకుని నర్సు వెంట పోయాడు.

"ఎందుకట్లన్నవు నాయినా?" అంది శైలజ.

"ఏం జెప్పాలె బిడ్డా మరి."

ఇద్దరూ కిందికి దిగి వచ్చారు. శైలజ హాస్టల్‌లో గేటు వేసే వేళవుతోంది. రోడ్డు దాటాక ఆమె ఆటో ఎక్కింది. బీరన్న బస్టాండు వైపు నడిచాడు.